బెంచీ మీద పుట్టిన మాట

ఇంగ్లీషు చదువు లేనివారు కూడా తడుముకోకుండా పలికే ఇంగ్లీషు మాటలు మన పల్లెల్లో కొన్ని ఉన్నాయి. బస్సు, రైలు, టికెట్టు, పోస్టు. ఆ వరుసలోనిదే బ్యాంకు. పంట ఋణం కోసం తిరిగే రైతు, పొదుపు సంఘం పుస్తకం చేత పట్టుకొని వెళ్ళే సహోదరి, వేలిముద్ర వేసి పింఛను తీసుకొనే అవ్వ, అందరి నోటా అది తెలుగు మాటే అయిపోయింది. అయితే ఆ మాట ఎక్కడ పుట్టింది, దాని అసలు అర్థమేమిటి అని అడిగేవారు అరుదు.

దాని అర్థం చాలా చిన్నది. బ్యాంకు అంటే బెంచి. బడిలో పిల్లలు కూర్చునే బెంచి ఉన్నదే, అదే! ఉత్తర యూరపులోని జెర్మానిక్ జాతులవారు కూర్చునే పొడవాటి బల్లకు పెట్టుకున్న పేరు అది. ఆ మాట ఒక దారిన ఇంగ్లీషులో బెంచి అయింది. ఆ జాతుల్లో కొందరు దక్షిణానికి వలస వెళ్ళి ఇటలీలో స్థిరపడినప్పుడు, ఆ మాట వారితో వెళ్ళి ఇటలీ భాషలో బాంకో, బాంకా అయింది. నాణెములు మార్చేవారు వీధిలో బల్ల వేసుకొని కూర్చునేవారు గనుక వారి వ్యాపారానికి కూడా ఆ బల్ల పేరే వచ్చింది. అక్కడ నుండి ఫ్రెంచి భాషకు, ఫ్రెంచి నుండి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుండి మనకు వచ్చింది. బడిలోని బెంచి, బజారులోని బ్యాంకు ఒక్క తల్లి బిడ్డలే. ఒక బిడ్డ పుట్టింటి దగ్గర ఉండిపోయింది, మరొక బిడ్డ ఇటలీ దేశం తిరిగి వ్యాపారం నేర్చుకొని వచ్చింది.

ఈ మాట పుట్టిన వీధులను చూచే అవకాశం మాకు 2018 అక్టోబరులో కలిగింది. సంఘ పనిమీద నలుగురు సేవకులం యూరపు వెళ్ళాము. సభలు ముగిసిన తరువాత తిరుగు ప్రయాణానికి నాలుగు రోజుల వ్యవధి దొరికింది. ఆ నాలుగు రోజుల్లో ఇటలీలోని వెనిస్, ఫ్లోరెన్స్ నగరాలు చూచాము. చూచినవి మన పాఠకులకు కూడా ఉపయోగపడతాయని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

వంతెన ప్రక్కన చిన్న ఆలయం

వెనిస్ నీటి మీద కట్టిన ఊరు. ఉప్పునీటి మడుగులో ఉన్న చిన్న చిన్న దీవులను వంతెనలతో కలిపి నగరంగా చేసుకున్నారు. ఊరి లోపల బస్సు లేదు, ఆటో లేదు, సైకిలు కూడా లేదు. కూరగాయలు పడవ మీదే వస్తాయి, చెత్త పడవ మీదే పోతుంది, రోగిని తీసుకుపోయే అంబులెన్సు కూడా పడవే. మాలో ఒక సహోదరుడు గోదావరి లంకలో పుట్టినవాడు. ఆయనకు పడవ కొత్త కాదు గాని, పడవలో ఇంటి గుమ్మం దాకా వెళ్ళి దిగటం చూచి ఆశ్చర్యపోయాడు.

ఊరి మధ్యగా పోయే పెద్ద కాలువ మీద రియాల్టో అనే రాతి వంతెన ఉంది. 1588లో మొదలుపెట్టి 1591లో పూర్తిచేశారు. ఒకే ఒక్క కమాను మీద నిలబడిన వంతెన అది. వంతెన దిగగానే సంత. అప్పటినుండి ఇప్పటివరకూ చేపలు, కూరగాయలు అక్కడే అమ్ముతున్నారు. సంతకు ఆనుకొని, పెద్ద గడియారం ఉన్న ఒక చిన్న ఆలయం కనిపిస్తుంది. అది పరిశుద్ధ యాకోబు పేరిట కట్టిన ఆలయం. 1514లో రియాల్టో ప్రాంతమంతా అగ్నికి ఆహుతి అయినప్పుడు ఈ ఆలయం మాత్రం నిలిచిందని చరిత్ర చెబుతుంది.

ఆ ఆలయం ముందున్న చిన్న మైదానంలోనే, చుట్టూ ఉన్న స్తంభాల వసారాల క్రింద, వెనిస్ బ్యాంకర్లు బల్లలు వేసుకొని కూర్చునేవారు. మాతో ఉన్న పెద్దాయన అటూ ఇటూ చూచి, “అయ్యగారూ, మా చిన్నప్పుడు ఊళ్ళో షావుకారు గారి అరుగు ఇలాగే ఉండేదండీ. లెక్కలన్నీ అక్కడే, అందరి కళ్ళ ముందే” అన్నారు. ఆయన మాట నూటికి నూరు పాళ్ళు నిజం. ఆ బల్లకు తలుపు లేదు, గోడ లేదు. కూర్చున్నవాడు దారిన పోయే ప్రతివానికీ కనబడేవాడు.

ఆ బల్ల దగ్గర పని ఎలా జరిగేదో కూడా తెలుసుకోదగినది. ఆ రోజుల్లో రకరకాల రాజ్యాల నాణెములు ఆ సంతకు వచ్చేవి. కొన్ని అరిగినవి, కొన్ని అంచులు గీకినవి, కొన్ని నకిలీవి. వాటిని తూచి, పరీక్షించి, లెక్కపెట్టటానికి చాలా సేపు పట్టేది. సంచి మోసుకొని సందుల్లో నడవటం ప్రమాదం కూడా. అందువలన వర్తకులు తమ సొమ్ము బ్యాంకరు దగ్గర జమ చేసి ఉంచేవారు. ఒకడు మరొకనికి బాకీ తీర్చవలసి వస్తే ఇద్దరూ కలిసి బల్ల దగ్గరకు వచ్చేవారు. ఇచ్చేవాడు నోటితో చెప్పేవాడు, పుచ్చుకొనేవాడు ప్రక్కనే నిలబడి వినేవాడు, బ్యాంకరు వారి ఎదుటే తన పుస్తకంలో ఒకరి పేరున తగ్గించి మరొకరి పేరున కలిపేవాడు. ఒక్క నాణెం కూడా కదలకుండా బాకీ తీరిపోయేది. వీటిని రాత బ్యాంకులు అని పిలిచేవారు.

గోడ మీది మాట

ఆలయం వెనుక వైపుకు వెళ్ళి తలెత్తి చూస్తే, గోడ మీద రాతిలో చెక్కిన లాటిన్ మాటలు కనబడతాయి. వాటి భావం ఇది: ఈ ఆలయం చుట్టూ వర్తకుల న్యాయం సరిగా ఉండాలి, తూనికలు అబద్ధమాడకూడదు, ఒప్పందాలలో కపటం ఉండకూడదు. ఆ మాటలు లోపల బలిపీఠం దగ్గర వ్రాసుకోలేదు, బయట సంతవైపు వ్రాశారు. ఆరాధనకు రానివాడు కూడా వాటి క్రింద నుండి నడవవలసిందే.

అయితే గోడ మీద వ్రాసినంత మాత్రాన మనుష్యులు మారిపోరు. జమ చేసిన సొమ్ములో కొంత బ్యాంకర్లు ఓడ వ్యాపారాల్లో పెట్టేవారు, ప్రభుత్వానికి అప్పు ఇచ్చేవారు. ఓడ మునిగిందనో, యుద్ధం వచ్చిందనో వదంతి పుడితే జనమంతా ఒక్కసారే బల్ల దగ్గరకు పరుగెత్తేవారు. పుస్తకంలో ఉన్నంత సొమ్ము పెట్టెలో ఉండదు గనుక బ్యాంకు పడిపోయేది. ఒకటి తరువాత ఒకటిగా అనేక బ్యాంకులు అలా పడిపోయాయి. 1584లో పిసాని, తియెపోలో కుటుంబాల బ్యాంకు కూలిపోయింది. ఇక ప్రైవేటు వ్యక్తుల మాట నమ్మి లాభం లేదని వెనిస్ ప్రభుత్వం 1587లో అదే సంతలో తన సొంత బ్యాంకు తెరిచింది. ప్రభుత్వ బ్యాంకు అనే ఆలోచనకు అక్కడ బలం చేకూర్చింది పోయిన జనం సొమ్మే.

అదే నగరంలో ఉత్తరపు కొసన మరొక బ్యాంకు గుమ్మం చూచాము. 1516లో వెనిస్ ప్రభుత్వం యూదులందరూ ఒకే పేటలో నివసించాలని శాసనం చేసింది. రాత్రివేళ ఆ పేట ద్వారాలకు తాళం వేసేవారు. ఆ పేట పేరే గెట్టో. ఆ మాట కూడా తరువాత లోకమంతా ప్రాకింది. అక్కడ ఎర్ర బ్యాంకు అనే పేరు ఇప్పటికీ ఒక తలుపు పైన కనిపిస్తుంది. అది తాకట్టు బ్యాంకు. తాకట్టు పెట్టినవారికి ఇచ్చే రసీదు రంగును బట్టి ఆ పేరు వచ్చింది. బీదలకు తక్కువ వడ్డీకి అప్పు ఇవ్వాలని, ఆ వడ్డీ ఎంతో కూడా ప్రభుత్వమే నిర్ణయించి యూదుల మీద భారం పెట్టింది. వడ్డీ వ్యాపారం తమకు తగదన్న క్రైస్తవ ప్రభువులు ఆ పని పొరుగువానిచేత చేయించి, రాత్రికి అతనిమీదే తాళం వేశారు. ఆ ద్వారాలు తొలగించింది 1797లో, నెపోలియన్ సేనలు వచ్చిన తరువాతనే. క్రైస్తవులమైన మేము ఆ పేటలో నిలబడినప్పుడు తలలు వంచుకొనే నిలబడ్డాము.

సుంకరి మత్తయి, బ్యాంకర్ల సంఘం

వెనిస్ నుండి ఫ్లోరెన్స్‌కు రైలులో సుమారు రెండు గంటల ప్రయాణం. ఈ నగరం 1252లో ఫ్లోరిన్ అనే బంగారు నాణెం ముద్రించింది. సుమారు మూడున్నర గ్రాముల బంగారం. ఒకవైపు నగర చిహ్నమైన లిల్లీ పువ్వు, మరొకవైపు బాప్తిస్మమిచ్చు యోహాను రూపం. తూకం పెద్దగా మారలేదు గనుక యూరపు అంతటా దానిని నమ్మారు.

ఫ్లోరెన్స్‌లో ప్రతి వృత్తికీ ఒక సంఘం ఉండేది. నాణెములు మార్చేవారి సంఘం అందులో పేరున్నది. సభ్యుడు బల్లమీద ఆకుపచ్చ గుడ్డ పరచుకొని, నడుముకు డబ్బు సంచి కట్టుకొని, లెక్కల పుస్తకం ముందు పెట్టుకొని వీధిలో కూర్చునేవాడు. ఈ సంఘం తమ పెద్దగా ఎవరిని ఎంచుకున్నదో తెలుసా? సుంకపు మెట్టు మీద కూర్చున్న మత్తయిని! ఓర్‌సాన్‌మికేలే అనే ఆలయపు వెలుపలి గోడల గూళ్ళలో ఒక్కొక్క వృత్తి సంఘం ఒక్కొక్క విగ్రహం నిలిపింది. బ్యాంకర్ల సంఘం 1419లో గిబెర్తి అనే శిల్పికి మత్తయి కంచు విగ్రహం పని అప్పగించింది. నేడు గూటిలో ఉన్నది నకలు. అసలు విగ్రహం ఆ భవనంలోనే పై అంతస్తులోని మ్యూజియంలో ఉంది.

ఆ విగ్రహం ఎదుట మాకు వేదాంత పాఠశాలలో చదువుకున్న గ్రీకు గుర్తుకు వచ్చింది. గ్రీకు భాషలో త్రాపెజా అంటే బల్ల. యేసు ప్రభువు యెరూషలేము దేవాలయంలో పడద్రోసిన రూకలు మార్చేవారి బల్లలకు మత్తయి సువార్త 21వ అధ్యాయంలో ఉన్న మాట అదే. అదే సువార్త 25వ అధ్యాయంలో, తలాంతుల ఉపమానంలో, మన తెలుగు బైబిలులో సాహుకారులు అని ఉన్నచోట గ్రీకులో ఉన్నది త్రాపెజా నుండి వచ్చిన మాటే, అంటే బల్లవారు. లూకా 19వ అధ్యాయంలోనైతే తిన్నగా ఆ బల్ల పేరే ఉంది. నేటికీ గ్రీసు దేశంలో బ్యాంకు భవనం మీద వ్రాసి ఉండే మాట త్రాపెజా. ఇటలీవారికి బెంచి, గ్రీకువారికి బల్ల. రెండు భాషలవారూ వేరువేరుగా ఒకే వస్తువును చూచి పేరు పెట్టుకున్నారు.

ఒకే సువార్తలో ఒకచోట బల్లలు తలక్రిందులైనాయి, మరొకచోట సొమ్ము బల్ల దగ్గర ఉంచవలసింది కదా అని యజమాని అడిగాడు. బల్ల దానంతట అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. దాని మీద జరిగే పని ఎటువంటిదో అదే ముఖ్యం.

విరిగిన బల్ల

ఫ్లోరెన్స్‌లో పరిశుద్ధ సిలువ ఆలయం ఉంది. దాని లోపల కుడివైపున ప్రక్క ప్రక్కనే రెండు చిన్న ప్రార్థన గదులు. ఒకటి బార్ది కుటుంబానిది, ఒకటి పెరుజ్జి కుటుంబానిది. రెండింటి గోడల మీదా జొత్తో అనే మహా చిత్రకారుడు వేసిన బొమ్మలు ఉన్నాయి. ఈ రెండు కుటుంబాలూ 14వ శతాబ్దపు ఆరంభంలో యూరపులోకెల్లా పెద్ద బ్యాంకర్లు. బార్ది వారి గది గోడల మీద ఉన్నది ఎవరి కథ అనుకున్నారు? తండ్రి ఆస్తిని విడిచి బీదరికాన్ని కోరుకున్న ఫ్రాన్సిస్ కథ!

ఈ రెండు బ్యాంకులూ ఇంగ్లాండు రాజైన మూడవ ఎడ్వర్డుకు ఫ్రాన్సు మీద యుద్ధానికి అప్పు ఇచ్చాయి. ఆ కాలపు చరిత్రకారుడు జొవాన్ని విల్లాని వ్రాసిన లెక్క ప్రకారం రాజు బార్ది వారికి బాకీపడ్డది 9 లక్షల ఫ్లోరిన్లకు పైగా, పెరుజ్జి వారికి 6 లక్షలకు పైగా. రాజు ఆ బాకీ తీర్చలేదు. పెరుజ్జి బ్యాంకు 1343లో, బార్ది బ్యాంకు 1346లో పడిపోయాయి. రాజు సింహాసనం మీదే ఉన్నాడు, జొత్తో బొమ్మలు గోడల మీదే ఉన్నాయి, మధ్యన సొమ్ము దాచుకున్న జనమే మునిగిపోయారు. రాజుకు అప్పు ఇచ్చిన సొమ్ములో తమ సొమ్ము ఉన్నదని వారిలో ఎందరికి తెలుసు?

అక్కడ నుండి పది నిమిషాల నడకలో కొత్త బజారు మండపం ఉంది. 1547 నుండి 1551 వరకు కట్టారు. ఇప్పుడు అక్కడ తోలు సంచులు, శాలువలు అమ్ముతారు. యాత్రికులందరూ ప్రక్కనున్న కంచు పంది ముట్టెను తడిమి ఫోటోలు తీసుకొంటారు. మేము మాత్రం నేలవైపు చూచాము. మండపం మధ్యలో బండి చక్రం ఆకారంలో రెండు రంగుల పాలరాతి వలయం ఉంది. దానిని అవమానపు రాయి అంటారు. అప్పు ఎగగొట్టి దివాలా తీసినవానిని పట్టుకొచ్చి, అంగీ పైకెత్తి, సంతలో అందరి ఎదుట ఆ రాతి మీద కూలవేసి కొట్టేవారట. దివాలాకు ఇటలీ భాషలో బాంకారోత్తా అని పేరు. అంటే విరిగిన బల్ల. ఇంగ్లీషువారి బ్యాంక్‌రప్టు అనే మాట అక్కడిదే. మాట తప్పిన బ్యాంకరు బల్లను జనం నిజంగానే విరగగొట్టేవారని అక్కడివారు కథగా చెప్పుకొంటారు.

ఆ శిక్ష క్రూరమైనదే. మనిషిని అలా అవమానించటం మనకు సమ్మతం కాదు. కాని అందులో ఒక సంగతి గమనించాలి. ఆ బల్ల ఎక్కడ ఉండేదో ఊరందరికీ తెలుసు. దాని వెనుక కూర్చున్నవాని ముఖమూ తెలుసు. కనబడని బల్లను విరగగొట్టటం ఎవరివల్లా కాదు.

మన బల్ల ఎక్కడ?

ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా వ్రాస్తున్నామో చెబుతాము. మా సేవా ప్రాంతంలోని ఒక ఊరికి కొన్నేళ్ళ క్రితం ఒక సంస్థ మనుష్యులు వచ్చారు. బ్యాంకుకంటే ఎక్కువ వడ్డీ అన్నారు. రంగుల కాగితాల మీద రసీదులు ఇచ్చారు. ఆ ఊరి కుర్రవానినే ఏజెంటుగా పెట్టుకున్నారు. “మన పిల్లోడే కదా” అని అందరూ కట్టారు. ఒక విధవరాలు కూతురి పెండ్లి కోసం గేదెను అమ్మిన సొమ్ము కట్టింది. రెండేళ్ళు వడ్డీ సక్రమంగానే వచ్చింది. ఆ తరువాత ఒక రోజు పట్టణంలోని ఆఫీసుకు తాళం పడింది. పై అధికారి ఎవరో, ఎక్కడివాడో ఎవరికీ తెలియదు. ఆ కుర్రవాడు సిగ్గుతో ఊరు విడిచిపోయాడు. ఆ తల్లి ఆదివారం ఆరాధన తరువాత ఆ రసీదు మా చేతిలో పెట్టి, “దీని మీద ఏమి వ్రాసి ఉందో చదవండయ్యగారూ” అన్నప్పుడు, చదివి చెప్పటానికి అందులో ఒక చిరునామా కూడా లేదు.

ఆ సంస్థకు పేరు ఉంది గాని బల్ల లేదు. ఇప్పుడు సెల్‌ఫోనులో నిమిషాల్లో అప్పు ఇస్తామనేవారు, మీ ఖాతా మూసివేస్తున్నాము, నంబరు చెప్పండి అని ఫోను చేసేవారు కూడా అటువంటివారే. వారి బల్ల ఎక్కడా కనబడదు.

మన తెలుగు నేల మీద బల్ల వేసి కూర్చున్నవారూ ఉన్నారు. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మారినా, పుస్తకంలో జనం పేర జమ అయిన సొమ్ము నిలిచే ఉంది. అది ఎలా సాధ్యమైంది? వెనుక ఒక చట్టం, ఒక పర్యవేక్షణ, అడిగేవారు ఒకరు ఉన్నారు గనుక. మన దేశంలో 1960లో కేరళలోని పాలై సెంట్రల్ బ్యాంకు కూలి ఎందరో చిన్న కుటుంబాలవారు నష్టపోయిన తరువాత, 1962లో డిపాజిట్లకు బీమా ఏర్పాటు చేశారు. 2020 ఫిబ్రవరి నుండి ఒక బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకు ఆ బీమా వర్తిస్తున్నది. ఆ బీమా బ్యాంకులకే గాని చీటీలకు లేదు, ప్రైవేటు ఫైనాన్సు కంపెనీలకు లేదు. ఈ తేడా మన ఇండ్లలో చదువుకున్న పిల్లలు పెద్దలకు విప్పి చెప్పాలి.

ప్రియ పాఠకులారా, ఇంత దూరం తిరిగి మేము నేర్చుకున్నది మూడు ప్రశ్నలే. మీ సొమ్ము ఎవరి చేతిలోనైనా పెట్టేముందు అడగండి. ఇతని బల్ల ఎక్కడ ఉంది? రియాల్టో వర్తకుని వలె నా ఎదుటే పుస్తకంలో వ్రాసి నాకు చూపిస్తాడా? రేపు మాట తప్పితే నేను ఎవరి దగ్గరకు వెళ్ళి అడగాలి? ఈ మూడింటికీ తిన్నని జవాబు రానిచోట వడ్డీ ఎంత తియ్యగా ఉన్నా లేచి వచ్చేయండి.

మరొక మాట. పొదుపు సంఘం లెక్క వ్రాసే సహోదరి, సంఘ కానుకల పెట్టె తెరిచే పెద్ద, పొరుగువాడు దాచమని ఇచ్చిన వంద రూపాయలు పెట్టెలో పెట్టుకున్న ముసలి తల్లి, వీరందరూ కూడా ఒక విధంగా బల్ల దగ్గర కూర్చున్నవారే. వారి పుస్తకం ఎవరు ఎప్పుడు అడిగినా తెరిచి చూపేదిగా ఉండాలి. వెనిస్‌లో ఆ మాటలు ఆలయపు గోడకు బయటవైపు చెక్కారు. మన లెక్కలు కూడా బయటవైపుకే ఉండాలి.